సూర్యాపేటలో ఒత్తు ఎందుకు ఊడింది? - పైథాన్ ప్యాకేజీల వెనక పాతికేళ్ళ కథ

పైథాన్‌తో పని చేసేవాళ్ళందరికీ నోటికొచ్చిన మంత్రం ఒకటుంది: పిప్ ఇన్‌స్టాల్ ఫలానా. ఎంటర్ కొట్టగానే ఎక్కడో ఎవరో రాసిన కోడ్ వచ్చి మన మెషీన్లో కూర్చుంటుంది. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం కుర్రాడి దగ్గర్నుంచి హైటెక్ సిటీలో ఆర్కిటెక్టు దాకా అందరూ చదివే మంత్రమే. కాకపోతే అది సగం మంత్రం. పిప్‌కి తెలిసినవి పైథాన్ ప్యాకేజీలు మాత్రమే. వాటి కింద సి భాషలో రాసిన లైబ్రరీలు ఉంటాయి చూశారూ, బొమ్మలు తెరిచేవి, డేటాబేసుతో మాట్లాడేవి, అక్షరాలు పేర్చేవి, వాటి ఊసు పిప్‌కి పట్టదు. ఆ లైబ్రరీలు ఎవరు తేవాలి? ప్యాకేజీ రాసినవాడా, ఆపరేటింగ్ సిస్టమా, వాడుకునే మనమా? పాతికేళ్ళుగా నడుస్తున్న తగాదా ఇదే.

ఇదంతా బిల్డ్ ఇంజినీర్ల గొడవ, మనకెందుకులే అనుకోవచ్చు. కానీ ఈ గొడవలో దెబ్బ తెలుగు లిపికి కాస్త ఎక్కువగా తగులుతుంది. ఎందుకో చెప్పడానికి మా వైపు మూడు ఊళ్ళ పేర్లు అరువు తెచ్చుకుంటాను.

మూడు ఊళ్ళ పరీక్ష

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. 2016 అక్టోబరు దాకా మూడూ నల్గొండ జిల్లా ఊళ్ళే. జిల్లాల విభజన తర్వాత మొదటి రెండూ సూర్యాపేట జిల్లాలోకి వెళ్ళాయి, మూడోది నల్గొండలోనే ఉండిపోయింది. పైథాన్ 3 తెరిచి ఈ పేర్ల పొడవెంత అని అడగండి. సూర్యాపేట 9, మిర్యాలగూడ 10, కోదాడ 5 అంటుంది. మన కంటికి కనపడే అక్షరాలేమో 4, 5, 3. మిగతావి ఎక్కణ్ణుంచి వచ్చాయి?

యూనికోడ్ మన అక్షరాన్ని ముక్కలుగా దాచుకుంటుంది. "ర్యా" అనేది దాని దృష్టిలో ఒక అక్షరం కాదు. ర, పొల్లు, య, దీర్ఘం - నాలుగు ముక్కలు. ఈ నాలుగింటినీ కలిపి ర కింద య ఒత్తు పెట్టి, తలకట్టు తీసేసి దీర్ఘం తగిలించే పనిని షేపింగ్ అంటారు. ఆ పనికి కావలసిన సూత్రాలు ఫాంటులో ఉంటాయి. వాటిని చదివి అమలు చేసే మేస్త్రీ మాత్రం వేరే ఉండాలి. ఆ మేస్త్రీయే షేపింగ్ ఇంజను. అదొక సి లైబ్రరీ, లేదా సి++ లైబ్రరీ.

మేస్త్రీ రాకపోతే ఇటుకలు వచ్చిన వరసలోనే పడతాయి. సూర్యాపేట "సూర్‌యాపేట" అవుతుంది, మిర్యాలగూడ "మిర్‌యాలగూడ" అవుతుంది. కోదాడలో ఒత్తులు లేవు కాబట్టి గండం గడిచిందనుకోకండి. చాలా తెలుగు ఫాంట్లలో గుణింతం కూడా షేపింగ్ పనే. తలకట్టు తలకట్టుగానే ఉండి, దాని మీదో పక్కనో ఓత్వం వచ్చి పడుతుంది. దూరం నుంచి చూస్తే తెలుగులాగే ఉంటుంది, దగ్గరికెళ్ళి చదవబోతే కళ్ళు తిరుగుతాయి.

ఇంగ్లీషుకి ఈ బాధ లేదు. ఒక కోడ్ పాయింటు, ఒక బొమ్మ. మేస్త్రీ లేకపోయినా గోడ నిలబడుతుంది. అందుకే ఇంగ్లీషు మాత్రమే వాడే ప్రోగ్రామరుకి తన సాఫ్ట్‌వేర్ ఈ లైబ్రరీ మీద ఆధారపడి ఉందన్న సంగతే చాలాకాలం తెలియకుండా గడిచిపోవచ్చు. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

సీడీ పెట్టి, టిక్కు కొట్టి...

కాస్త వెనక్కి వెళ్దాం. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్లోనే తెలుగుకి చోటు దొరికింది. గుయిడో వాన్ రోసమ్ పైథాన్ కోడ్‌ని మొదటిసారి బయటపెట్టిందీ 1991లోనే. అంటే ఇద్దరూ ఈడువాళ్ళే అన్నమాట. ఐతే పేరుకి చోటు దొరకడం వేరు, తెర మీద అక్షరం సరిగ్గా కూర్చోవడం వేరు.

విండోస్ 2000లో దేవనాగరి, తమిళం వచ్చాయిగానీ తెలుగు రాలేదు. 2001లో ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. అది కూడా ఊరికే పని చేసేది కాదు. కంట్రోల్ పానెల్లో రీజనల్ సెట్టింగులకి వెళ్ళి, కాంప్లెక్స్ స్క్రిప్టుల దగ్గర టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ అడిగితే అదీ పెట్టి, రీస్టార్టు చేయాలి. తెలుగు బ్లాగుల తొలి తరం వాళ్ళు కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ ముందు నేర్పిన పాఠం ఇదే. మేము బళ్ళో ఉన్నప్పటి ముచ్చట కాబట్టి నాకు ఇది సీనియర్లు చెప్తే తెలిసిన చరిత్ర.

ఆ టిక్కు వెనక ఉన్నది యూనిస్క్రైబ్ అనే షేపింగ్ ఇంజను. ఫైలు పేరు యూఎస్‌పీ10 డీఎల్ఎల్. పాత విండోస్ ఉన్నవాళ్ళు కొందరు కొత్త డీఎల్ఎల్ ఎక్కడన్నా దొరికితే తెచ్చి, అప్లికేషన్ ఉన్న ఫోల్డర్లోనే పడేసుకుని తెలుగు చదువుకునేవాళ్ళు. సిస్టమ్ ఇవ్వాల్సిన లైబ్రరీని సిస్టమ్ ఇవ్వకపోతే అప్లికేషన్ పక్కన మనమే పెట్టుకోవడం. ఇప్పుడు దీన్నే వెండరింగ్, బండ్లింగ్ అని పెద్ద పేర్లతో పిలుస్తున్నాం. మనవాళ్ళు పేరు తెలియకుండానే చేసేశారు :)

లైనక్స్ వైపు పాంగో ఒకటి, క్యూటీ ఒకటి, ఎవరి షేపింగ్ కోడ్ వాళ్ళు మోసుకుంటూ ఉండేవాళ్ళు. రెండిటిలోనూ ఫ్రీటైప్ ప్రాజెక్టు నుంచి వచ్చిన కోడ్ ఉండేది. దాన్ని ఒక్కచోటికి చేర్చే ప్రయత్నంలోంచి హార్ఫ్‌బజ్ పుట్టింది. తర్వాత బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ దాన్ని కొత్తగా తిరగరాశారు. పేరు పర్షియన్ భాషది. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఓపెన్‌టైప్ అన్న మాటకి మక్కీకి మక్కీ అనువాదమన్నమాట. ఇవాళ ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ - వీటన్నిటిలో మన ఒత్తులు పెట్టే మేస్త్రీ ఈ హార్ఫ్‌బజ్జే.

పైథాన్ వాళ్ళు ఏం చేశారు?

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. లైనక్స్ పంపిణీలు ఈ సమస్యని తమ పద్ధతిలో ముందే పరిష్కరించుకున్నాయి. డెబియన్ ఏప్ట్‌కి ఫలానా ప్యాకేజీ పైథాన్‌లో రాశారా, సి లో రాశారా అన్న పట్టింపు లేదు. దేనికేం కావాలో రాసి ఉంటుంది, అన్నీ కలిపి తెస్తుంది. పైథాన్ వాళ్ళకి ఆ దారి సరిపోలేదు. విండోస్, మ్యాక్ వాడేవాళ్ళు కూడా ఉన్నారు మరి. పైగా డెబియన్ ఇచ్చే వెర్షన్ ఎప్పుడూ రెండేళ్ళు పాతది.

గ్రెగ్ వార్డ్ చేతుల మీదుగా మొదలైన డిస్ట్‌యుటిల్స్ 2000లో పైథాన్ 1.6, 2.0లతో పాటే వచ్చింది. సి లో రాసిన ఎక్స్‌టెన్షన్లని కంపైల్ చేయడం దానికి వచ్చు. కానీ వాటికి కావలసిన లైబ్రరీ మెషీన్లో ఉందో లేదో చూసుకోవాల్సింది మనమే. 2003లో రిచర్డ్ జోన్స్ పూనికతో పైపీఐ మొదలైంది. 2004లో ఫిలిప్ జె. ఈబీ రాసిన సెటప్‌టూల్స్ వచ్చింది, దాంతో ఎగ్గులు, ఈజీ ఇన్‌స్టాల్ వచ్చాయి. 2008లో ఇయాన్ బికింగ్ పిప్ మొదలుపెట్టారు. ఒక పైథాన్ ప్యాకేజీకి ఇంకో పైథాన్ ప్యాకేజీ కావాలని చెప్పుకునే సౌకర్యం అలా కుదిరింది. సి లైబ్రరీ సంగతి మాత్రం ఎక్కడిదక్కడే.

పూర్తిగా మర్చిపోయారనడం కూడా అన్యాయమే. 2005లో మొదలైన పెప్ 345లో "రిక్వైర్స్ ఎక్స్‌టర్నల్" అని ఒక గడి పెట్టారు. నా ప్యాకేజీకి బయటి లైబ్రరీ ఫలానాది కావాలి అని అందులో రాసుకోవచ్చు. ఐతే అది సూచన మాత్రమేనని, పనిముట్లు దాన్ని పట్టించుకోనక్కర్లేదని అక్కడే రాశారు. ఎవరూ చదవని గడిని ఎవరు నింపుతారు? సర్కారీ దరఖాస్తులో "ఇతర వివరాలు" గడిలాగా అది ఖాళీగానే ఉండిపోయింది.

ఈ లోటుకి బాగా బలైన ప్యాకేజీ పీఐఎల్. ఫ్రెడ్రిక్ లుండ్ 1995లో మొదలుపెట్టిన ఇమేజింగ్ లైబ్రరీ ఇది. జేపెగ్ బొమ్మ తెరవాలంటే లిబ్‌జేపెగ్ ఉండాలి, పీఎన్‌జీ తెరవాలంటే జడ్‌లిబ్ ఉండాలి. కంపైల్ చేసేటప్పుడు అవి కనపడకపోతే పీఐఎల్ గోల చేసేది కాదు. ఆ ముక్క వదిలేసి, అంతా బాగానే అయిందని ముగించేది. నెల రోజుల తర్వాత సర్వర్లో ఎవరో ఫోటో అప్‌లోడ్ చేస్తే అప్పుడు "జేపెగ్ డీకోడర్ లేదు" అని తేలేది. ఉబుంటు వాళ్ళు లైబ్రరీల ఫోల్డర్ మార్చినప్పుడైతే లైబ్రరీ ఉండి కూడా దొరికేది కాదు. జనం పాత చోటికి సింబాలిక్ లింకులు వేసి కాలక్షేపం చేశారు. పీఐఎల్ కొత్త ప్యాకేజింగ్ పద్ధతులకి ఒదగకపోవడంతో 2010లో జెఫ్రీ ఎ. క్లార్క్ దాన్ని చీల్చి పిల్లో మొదలుపెట్టారు. 2015లో వచ్చిన పిల్లో 3.0 నుంచి జేపెగ్, జడ్‌లిబ్ లేకపోతే ఇన్‌స్టాల్ అక్కడికక్కడే ఆగిపోయేలా చేశారు. చిన్న మార్పే. కానీ "చెప్పకుండా సగం పని చేయడం కన్నా చెప్పి ఆగిపోవడం మేలు" అన్న సూత్రం ఆ రోజుకి జేపెగ్ దాకా వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

సద్దిమూట పద్ధతి

2012లో డేనియల్ హోల్త్ వీల్ ఫార్మాట్ ప్రతిపాదించారు, పెప్ 427గా అది ఖరారైంది. ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ అన్నమాట. దించుకోవడం, విప్పుకోవడం, అంతే. విండోస్, మ్యాక్‌లకి వీల్స్ వెంటనే వచ్చాయి. లైనక్స్ వీల్స్‌ని మాత్రం పైపీఐ తీసుకునేది కాదు. లైనక్స్ అంటే ఒకటి కాదు కదా. ఉబుంటులో కట్టిన బైనరీ సెంటాస్‌లో నడుస్తుందన్న హామీ లేదు.

దీనికి 2016లో రాబర్ట్ మెక్‌గిబ్బన్, నథానియల్ స్మిత్ కలిసి పెప్ 513తో ఒక ఉపాయం చెప్పారు. దాని పేరు మెనీలైనక్స్1. చాలా పాతదైన సెంటాస్ 5 మీద కంపైల్ చేయమన్నారు. పాత జీలిబ్‌సీ మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడవదు కాబట్టి. సిస్టమ్‌లో తప్పకుండా ఉంటాయని నమ్మదగిన లైబ్రరీల చిట్టా ఒకటి రాశారు. ఆ చిట్టాలో లేనిదేదైనా కావాలంటే దాన్ని వీల్‌లోనే మూటగట్టుకు రావాలి. ఆ మూటగట్టే పనిముట్టు పేరు ఆడిట్‌వీల్. కావలసిన లైబ్రరీని కాపీ చేస్తుంది, ఇంకెవరి లైబ్రరీతోనూ గొడవ రాకుండా పేరుకి ఒక తోక తగిలిస్తుంది, లోపల దారులు సరిచేస్తుంది. మ్యాక్‌లో ఇదే పని డీలొకేట్ చేస్తుంది, విండోస్‌లో డెల్వ్‌వీల్. సెంటాస్ 6, 7ల మీద కట్టేవి తర్వాత వచ్చాయి, ఆల్పైన్ కోసం 2021లో పెప్ 656తో మస్ల్‌లైనక్స్ వచ్చింది.

మొత్తానికి ఇది సద్దిమూట పద్ధతి. ఊరెళ్తుంటే దారిలో హోటలుంటుందో లేదోనని ఇంట్లోనే పులిహోర కట్టుకెళ్తాం చూడండి, అదే. నంపై, సైపై లాంటివి ఇవాళ ఒక్క లైనుతో దిగుతున్నాయంటే ఈ మూట చలవే.

మూటకి ఇబ్బందులు లేకపోలేదు. 2017లో పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే సైకోపీజీ2 వాళ్ళు 2.7లో లిబ్‌పీక్యూని, దాంతో పాటు ఎస్ఎస్ఎల్ లైబ్రరీని మూటగట్టి పంపారు. పైథాన్ అప్పటికే వాడుతున్న ఎస్ఎస్ఎల్ ఒకటి, మూటలో వచ్చింది ఇంకొకటి. ఒకే ప్రాసెస్‌లో రెండూ చేరి, కొందరి సర్వర్లు సెగ్మెంటేషన్ ఫాల్టుతో కూలాయి. చివరికి మూట ఉన్నదానికి సైకోపీజీ2 బైనరీ అని వేరే పేరు పెట్టి, 2019లో వచ్చిన 2.8 నుంచి అసలు ప్యాకేజీని సోర్సు రూపంలోనే ఉంచారు. ఇవాళ్టికీ చాలామంది రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ఆ రెండు పేర్లలో ఏది రాయాలో తెలియక తికమక పడుతుంటారు. ఆ తికమక వెనక కథ ఇది.

ఇంకో దారి కాండా. 2012లో కంటిన్యువమ్ అనలిటిక్స్ వాళ్ళు మొదలుపెట్టారు. పైథాన్‌తో పాటు సి లైబ్రరీలని కూడా ప్యాకేజీలుగానే చూస్తుంది. ఊరి కాలువ మాకొద్దు, మా కాలువ మేమే తవ్వుకుంటాం అన్నట్టు. పని చేస్తుంది. కానీ ఆ కాలువ కిందికి వచ్చినవాళ్ళకే.

తెలుగు ఒత్తుకి, అరబ్బీ లైబ్రరీకి ఏమిటి సంబంధం?

పిల్లో దగ్గరికి మళ్ళీ వద్దాం. బొమ్మ మీద అక్షరాలు రాయడానికి పిల్లో మొదట్నుంచీ ఫ్రీటైప్ వాడుతుంది. ఫ్రీటైప్ ఒక్కో అక్షరం బొమ్మ గీస్తుంది తప్ప షేపింగ్ చేయదు. 2017లో పిల్లో 4.2తో రాక్మ్ అనే లైబ్రరీకి మద్దతు వచ్చింది. ఒమన్ ప్రభుత్వ ఐటీ సంస్థ 2015లో చేయించిన లైబ్రరీ ఇది, ఖాలిద్ హోస్నీ దాన్ని ముందుకు తీసుకెళ్ళారు. అరబ్బీలో రక్మ్ అంటే రాత అనీ, అంకె అనీ అర్థం. రాక్మ్ లోపల ఇద్దరు పనివాళ్ళుంటారు. షేపింగ్‌కి హార్ఫ్‌బజ్, కుడి నుంచి ఎడమకి రాసే లిపుల వరస సరిచేయడానికి ఫ్రిబిడి.

2017లో ఇదంతా మనమే కంపైల్ చేసుకోవాలి. 2021లో వచ్చిన పిల్లో 8.2 నుంచి రాక్మ్, హార్ఫ్‌బజ్ రెండూ వీల్ మూటలోనే వస్తున్నాయి. ఒక్క ఫ్రిబిడి మాత్రం మూటలో లేదు. దాని లైసెన్సు ఎల్‌జీపీఎల్, మిగతావాటిలా ఎంఐటీ తరహాది కాదు. అందుకని ప్రోగ్రాము నడిచేటప్పుడు సిస్టమ్‌లో ఫ్రిబిడి ఉందేమో వెతుకుతుంది. దొరికితే రాక్మ్ పని చేస్తుంది. దొరక్కపోతే మొత్తం రాక్మ్‌నే పక్కన పెట్టి, పాత బేసిక్ పద్ధతిలో అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతుంది. హార్ఫ్‌బజ్ మూటలోనే ఉంటుంది, కానీ దాన్ని పిలిచేవాడుండడు.

తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తాం. ఫ్రిబిడితో మనకి ఏ పనీ లేదు. ఐనా అది లేకపోతే మన ఒత్తు ఊడిపోతుంది. మామూలు ఉబుంటు డెస్క్‌టాప్‌లో పాంగోతో పాటు ఫ్రిబిడి ముందే వచ్చి ఉంటుంది కాబట్టి అక్కడ అంతా చక్కగా కనిపిస్తుంది. అదే కోడ్‌ని పైథాన్ స్లిమ్ డాకర్ ఇమేజ్‌లో పెట్టండి, విండోస్‌లో నడపండి, సూర్యాపేట సూర్‌యాపేట అయిపోతుంది. ఎర్రర్ రాదు. లాగ్‌లో ఎర్ర గీత ఉండదు. తెలుగు చదవగలిగిన మనిషి ఒకరు ఆ కాయితం చూసేదాకా ఎవరికీ తెలియదు.

ఆ చూసిన మనిషి మా ఇంట్లో మా బాబాయి. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో గుమస్తా. ధాన్యం కాంటా అయ్యాక రైతుకిచ్చే చీటీ మీద పేరు, ఊరు తెలుగులో రావాలన్నాడు. మిల్లులో ఉన్న థర్మల్ ప్రింటరుకి తెలుగు అక్షరాలు రావు కాబట్టి పిల్లోతో చీటీని బొమ్మలా గీసి ప్రింటరుకి పంపే చిన్న స్క్రిప్టు రాసిచ్చాను. నా లైనక్స్ లాప్‌టాప్‌లో అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. మిల్లు విండోస్ కంప్యూటర్లో అదే స్క్రిప్టు, అదే ఫాంటు, అదే పిల్లో వెర్షన్. బాబాయి ఫోన్: "ఏందిరా ఇది? లక్ష్మయ్య పేరు లక్‌ష్‌మయ్‌య అని వస్తుంది. రైతు చూస్తే ఏమనుకుంటడు, పేరు గూడ రాయరాదా వీళ్ళకు అనుకోడా?" ఫ్రిబిడి డీఎల్ఎల్ ఒకటి బిల్డ్ చేసి పైథాన్ ఉన్న ఫోల్డర్లో పెట్టాక లక్ష్మయ్య తిరిగొచ్చాడు. ఎక్స్‌పీ కాలంలో మనవాళ్ళు యూఎస్‌పీ10 డీఎల్ఎల్‌తో చేసిందీ ఇదే కదా అని అప్పుడు తట్టింది. రెండు దశాబ్దాలు దాటాయి, ఫైలు పేరు మారింది, అంతే.

బాబాయి మాటలో అసలు విషయముంది. చీటీ మీద బస్తాల లెక్క సరిగ్గానే ఉంది. కానీ పేరు తప్పున్న చీటీని రైతు నమ్మడు, నమ్మాల్సిన పనీ లేదు. మనకది రెండరింగ్ బగ్గు, ఆయనకది తన పేరు.

కాలువా? బోరా?

సిస్టమ్ లైబ్రరీయా, మూటగట్టిన లైబ్రరీయా అన్న తగాదా మా వైపు వాళ్ళకి కొత్తేం కాదు. నాగార్జునసాగర్ కాలువలకి 1967 ఆగస్టులో నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా ఖమ్మం వైపు పోతుంది. మిర్యాలగూడ చుట్టూ అన్ని రైస్ మిల్లులున్నాయంటే ఆ నీళ్ళ పుణ్యమే. కాలువ అందరిదీ. ఎక్కడో గండి పడితే కింద ఉన్నవాళ్ళందరికీ కష్టమే. 2024 సెప్టెంబరు మొదట్లో వానలకి నడిగూడెం మండలంలో ఎడమ కాలువకి గండి పడినప్పుడు అదే జరిగింది. కానీ ఒక్కచోట పూడిస్తే అందరికీ మళ్ళీ నీళ్ళొస్తాయి. బోరు ఎవరిది వాళ్ళది. పక్కవాడితో పని లేదు. మోటారు కాలినా, నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్నా ఎవరిది వాళ్ళే చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్లో ఈ రెండిటికీ మంచి ఉదాహరణలున్నాయి.

కాలువకి ఉదాహరణ మన "జ్ఞా". 2018 ఫిబ్రవరిలో జ్ఞా అక్షరానికి మధ్యలో అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు ఒకటి చేరిన వరస ఐఫోన్లో చాలా యాప్‌లలోకి వస్తే ఆ యాప్ కూలిపోయేది. మెసేజీలు, వాట్సాప్ లాంటివి. అన్నీ కోర్‌టెక్స్ట్ అనే ఒకే సిస్టమ్ లైబ్రరీ కింద ఉన్నాయి మరి. ప్రపంచం మొత్తం తెలుగు అక్షరాన్ని బూచిలా చూసిన వారం అది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చింది. ఒక్క అప్‌డేటుతో అన్ని యాప్‌లూ బాగయ్యాయి. ఏ యాప్ వాడూ ఏమీ చేయలేదు.

బోరుకి ఉదాహరణ లిబ్‌వెబ్‌పీ. 2023 సెప్టెంబరులో ఈ బొమ్మల లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది. క్రోమ్ ఒక మూట, ఫైర్‌ఫాక్స్ ఒక మూట, ఎలక్ట్రాన్‌తో కట్టిన యాప్‌లు తలా ఒక మూట. పిల్లో మూటలోనూ అదే ఉంది. ఉబుంటు సిస్టమ్ లైబ్రరీని అప్‌డేట్ చేసినంత మాత్రాన పిల్లో వీల్‌లో ఉన్న కాపీ మారదు. పిల్లో వాళ్ళు సెప్టెంబరు 15న 10.0.1 ఇచ్చారు. దాన్ని దించుకోని ప్రతి సర్వర్లోనూ పాత నీళ్ళే.

కాబట్టి కాలువ గొప్పా, బోరు గొప్పా అని వాదించడం దండగ. రెండిటికీ చోటుంది. అసలు కావాల్సింది ఈ పొలానికి నీళ్ళెక్కణ్ణుంచి వస్తున్నాయో రాసి ఉండడం. పైథాన్ ప్యాకేజీల్లో చాలాకాలం లేనిది అదే. పిల్లోలో మన ఒత్తు ఊడడానికి కారణం మూటా కాదు, సిస్టమూ కాదు. సగం బోరు, సగం కాలువ పెట్టి, కాలువ ఎండితే ఎవరికీ చెప్పకుండా ఊరుకోవడం.

ఈ విషయంలో మనం చివరి ఆయకట్టు వాళ్ళం. తూము పక్క పొలానికి నీళ్ళు తగ్గిన సంగతి తెలియదు, చివరి మడికే ముందు తెలుస్తుంది. ఇంగ్లీషు ఎప్పుడూ తూము పక్కనే ఉంటుంది. తెలుగు, కన్నడ, ఖ్మేర్, బర్మీస్ లాంటి లిపులు చివర్న ఉంటాయి. కాలువలో ఎక్కడ చిల్లున్నా పైకి తెలిసేది మన దగ్గరే.

మరి ఇప్పుడు?

2023లో పెప్ 725 ముసాయిదా వచ్చింది. ప్రద్యున్ గెడమ్, హైమె రోడ్రిగెజ్, రాల్ఫ్ గొమ్మర్స్ రాశారు. పైప్రాజెక్ట్ ఫైల్లోనే ఫలానా కంపైలర్ కావాలి, ఫలానా సి లైబ్రరీ కావాలి అని అందరికీ అర్థమయ్యే పేర్లతో రాసే పద్ధతి అది. పేర్ల దగ్గరే పెద్ద చిక్కు. ఒకే జేపెగ్ లైబ్రరీకి డెబియన్‌లో ఒక పేరు, ఫెడోరాలో ఇంకో పేరు, మ్యాక్ హోమ్‌బ్రూలో మరో పేరు. 2005 నాటి ఖాళీ గడికి దీనికి తేడా ఏమిటంటే, ఇది మనుషులే కాకుండా పనిముట్లు కూడా చదివేలా రాస్తున్నారు. ఇటుపక్క 2023లో డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ నేరుగా దిగకుండా పెప్ 668 ప్రకారం తలుపేశారు. ఆ ఎర్రర్ చూసి తిట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఎవరి ఇల్లు ఎవరిదో గీత గీయడం మంచిదే.

ఇవన్నీ వచ్చేలోగా మనం చేయగలిగినవి ఉన్నాయి.

ఒకటి. పిల్లోతో తెలుగు రాస్తుంటే ప్రోగ్రాము మొదట్లోనే ఫీచర్స్ మాడ్యూల్‌ని రాక్మ్ ఉందా అని అడగండి. లేదంటే అక్కడే ఆపేయండి. ఇంకా తేలిక ఉపాయం, అక్షరాలు గీసే ఫంక్షన్‌కి భాష "టీఈ" అని పంపండి. రాక్మ్ లేకపోతే పిల్లో ఎర్రర్ ఇస్తుంది. జేపెగ్ విషయంలో 2015లో నేర్చుకున్న సూత్రాన్ని మనమే అమలు చేసుకోవడం అన్నమాట.

రెండు. డాకర్ ఫైల్లో లిబ్‌ఫ్రిబిడి0 అని ఒక లైను చేర్చి, పక్కన "తెలుగు ఒత్తుల కోసం" అని కామెంటు రాయండి. లేకపోతే రేపు ఎవరో ఇమేజ్ సైజు తగ్గిస్తూ, కుడి నుంచి ఎడమ లిపుల లైబ్రరీ మనకెందుకని తీసేస్తారు. చూడ్డానికి వాళ్ళ వాదన న్యాయంగానే ఉంటుంది.

మూడు. పనికి తగ్గ పనిముట్టు ఎంచుకోండి. పీడీఎఫ్ చేయాలంటే ఎఫ్‌పీడీఎఫ్2లో 2023 నుంచి షేపింగ్ ఉంది, హార్ఫ్‌బజ్‌ని మూటగట్టిన యూహార్ఫ్‌బజ్ వాడుతుంది, కాలువతో పని లేదు. వీజీప్రింట్ వాడితే తెలుగు బాగా వస్తుందిగానీ పాంగో సిస్టమ్‌లో ఉండాలి, ఆ సంగతి వాళ్ళు దాచరు, ముందే చెప్తారు. తెలుగు ఓసీఆర్‌కి పైటెసరాక్ట్ దించుకుంటే వచ్చేది పై తొడుగు మాత్రమే. అసలు ఇంజను టెసరాక్ట్ వేరే పెట్టుకోవాలి, తెలుగు డేటా ఇంకా వేరే. ఒక్క పిప్ లైను వెనక రెండు ఏప్ట్ లైన్లు.

నాలుగు. మీరు ప్యాకేజీ రాస్తుంటే, తెలుగు మీ పని కాకపోయినా సరే, టెస్టుల్లో ఒక తెలుగు మాట పెట్టండి. పొడవు చూస్తే చాలదు, గీసిన బొమ్మని పోల్చి చూడాలి. ఏ మాట పెట్టాలో తోచకపోతే మా ఊళ్ళు మూడూ వాడుకోండి. సూర్యాపేటలో ఒత్తు ఉంది, మిర్యాలగూడలో ఒత్తూ గుడీ ఉన్నాయి, కోదాడలో ఓత్వం ఉంది. ఆ మూడూ సరిగ్గా వచ్చాయంటే మేస్త్రీ పనిలోకి వచ్చినట్టే.